హైదర్‌గూడలో మన తైదలు ఎవరు కొంటున్నారు, ఏమనుకుని కొంటున్నారు?



పైన పెట్టిన వీడియో హైదరాబాద్‌లో, హైదర్‌గూడలో తీసింది. అత్తాపూర్ పక్కన ఉండే హైదర్‌గూడ అనుకునేరు, అది వేరు. ఇది బషీర్‌బాగ్‌కు, నారాయణగూడకు నడుమ, ఎమ్మెల్యే క్వార్టర్స్ ఉండే హైదర్‌గూడ. మాది పరిగి దిక్కు. నెలకు రెండు ఆదివారాలు ఇక్కడి అపార్ట్‌మెంట్ల దగ్గర బండి పెట్టి తైదలు, జొన్నలు, కొర్రలు, కందిపప్పు అమ్ముకుంటాను. తైదలంటే రాగులే, ఆంధ్ర మిత్రుల కోసం చెబుతున్నా. శ్రీకాకుళం దిక్కు చోళ్ళు అంటారు.

"సిటీలో మిల్లెట్స్‌కు మంచి గిరాకీ ఉందట కదా అన్నా, మేము కూడా తెచ్చి అమ్మొచ్చా?" అని చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. గిరాకీ ఉన్న మాట నిజమే. అయితే ఆ గిరాకీ గింజకు కాదు, గింజ చేస్తుందని జనం నమ్మే పనికి. ఈ తేడా తెలియక నేను ఒక తప్పు చేశాను. ముందు అది చెప్పి అసలు విషయంలోకి వస్తా.

నేను అన్న ఒక్క మాట

అమ్మకం మొదలుపెట్టిన కొత్తలో ఒక పెద్దాయన వచ్చేవారు. రిటైర్డ్ ఉద్యోగి. కొర్రలు చేతిలోకి తీసుకుని, "తమ్మీ, ఇవి తింటే షుగర్ తగ్గుతదా?" అని అడిగారు. నేను అప్పటికి యూట్యూబ్‌లో బాగా విని ఉన్నా. "ఎందుకు తగ్గదు సార్, మూడు నెలలు తినండి, గోలీలతోనే పని ఉండదు" అనేశా. ఆయన సంబరపడి పది కిలోలు తీసుకున్నారు.

రెండు నెలల తర్వాత ఆయన కోడలు వచ్చింది. పెద్దాయన ఎవరికీ చెప్పకుండా గోలీలు బంద్ చేశారు. కాలికి చిన్న పుండు అయింది, అది మానలేదు. ఆస్పత్రిలో చేర్చి, చివరికి ఒక వేలు తీసేయాల్సి వచ్చింది. ఆమె నన్ను తిట్టలేదు. "మీరే చెప్పారంట కదా అన్నా" అని మాత్రం అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ కొర్రల్లో కల్తీ లేదు. మందు కొట్టలేదు, జీవామృతంతో పండించినవే. గింజ మంచిదే, దాంతో పాటు నేను అమ్మిన మాట మంచిది కాదు. అప్పటి నుంచి ఏ గింజ ఏం చేస్తుంది, ఏం చెయ్యదు అని కనుక్కోవడం మొదలుపెట్టా. తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నా.

ఫంక్షనల్ ఫుడ్ అంటే?

ఆకలి తీర్చడమే కాకుండా ఒంటికి ఇంకేదో మేలు చేస్తుందని చెప్పి అమ్మే తిండిని ఫంక్షనల్ ఫుడ్ అంటున్నారు. ఎముకలకు కాల్షియం, కండకు ప్రోటీన్, పేగులకు ప్రోబయోటిక్, షుగర్‌కు ఫైబర్. ఇట్లా ప్రతి డబ్బా మీద ఒక పని రాసి ఉంటుంది. మన ఇళ్లలో అంబలి, గట్క, మజ్జిగ, ఉలవచారు ఎప్పటి నుంచో ఉన్నవే. వాటికి ఎవరూ పని రాసిపెట్టలేదు, అంతే.

ఈ ఊపు ఒక్కరోజులో రాలేదు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం చిరుధాన్యాలను 'న్యూట్రి సీరియల్స్' అని నోటిఫై చేసింది. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అదే ఏడు సిరిధాన్యాల ప్రచారకులు ఖాదర్ వలీ గారికి పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు జూన్‌లో ఐసీఎంఆర్ సర్వే ఫలితాలు బయటికొచ్చాయి: దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి డయాబెటిస్ ఉందని. ఒక దిక్కు భయం, ఇంకో దిక్కు ఆశ. మార్కెట్ ఈ రెండింటి మీద నడుస్తోంది.

మన దగ్గరికి వచ్చేది ముగ్గురు

హైదర్‌గూడ చుట్టుపక్కల నేను చూసినంతలో కొనేవాళ్లు మూడు రకాలు.

మొదటివాళ్లు ఇందిరా పార్కులో పొద్దున నడిచే పెద్దవాళ్లు. వాకింగ్ అయ్యాక రాగి జావ తాగి ఇంటికి పోతారు. వీళ్లు కొనేది షుగర్ భయంతో.

రెండోవాళ్లు అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే పిల్లలు, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా కూర్చుని చదివేవాళ్లు. హాస్టల్ తిండి పడదు, జేబులో పైసలు తక్కువ. వీళ్లకు కావాల్సింది శక్తి, ఈ మధ్య ప్రోటీన్.

మూడోవాళ్లు చిన్నపిల్లల తల్లులు. పాలల్లో కలిపే డబ్బా పొడి మీద నమ్మకం పోయి, దాని బదులు రాగి మాల్ట్ అడుగుతున్నారు. వీళ్లు చూసేది కాల్షియం.

ముగ్గురికీ మన దగ్గర జవాబు ఉంది. కానీ లెక్క ప్రకారం చెప్పాలి.

కాల్షియం లెక్క

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్‌ఐఎన్, 2017లో వేసిన ఆహార పోషక విలువల పట్టిక ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో 8 కూడా ఉండదు. ఈ ఒక్క అంకె చాలు మన గింజ గొప్పతనానికి.

కానీ ఒక గ్లాసు జావకు పిండి ఎంత పడుతుంది? రెండు చెంచాలు, 20 గ్రాములు అనుకుందాం. అంటే గ్లాసుకు 73 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 1,000. ఒక గ్లాసు జావతో ఎముకలు ఉక్కులా అవుతాయంటే అది అబద్ధమే. అదే గ్లాసులో మజ్జిగ పోస్తే లెక్క పెరుగుతుంది. మధ్యాహ్నం సంగటి తింటే ఇంకా పెరుగుతుంది. తల్లులకు నేను ఇదే చెబుతా: "అమ్మా, జావ ఒక్కటే కాదు, వారంలో రెండు మూడు రోజులు రాగి రొట్టె, సంగటి కూడా పెట్టండి."

షుగర్ లెక్క

అదే పట్టికలో పీచు చూడండి. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో 2.8 గ్రాములు. రాగుల్లో 11, సజ్జల్లో 11.5, జొన్నల్లో 10. పీచు ఎక్కువుంటే తిన్నది నిదానంగా అరుగుతుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా పైకి లేవదు. చిరుధాన్యాలు షుగర్ ఉన్నవాళ్లకు సాయపడతాయి అనేది ఈ కారణం వల్లే.

ఇక్కడ మూడు మెలికలు ఉన్నాయి.

ఒకటి, పాలిష్. కొర్రలు, సామలు, ఊదలు మిల్లులో పొట్టు తీసేటప్పుడు తెల్లగా రావాలని తవుడు కూడా తీసేస్తే పీచు పోతుంది. పేరు కొర్రే, పని బియ్యానిదే. వీడియోలో రెండు గిన్నెలు పక్కపక్కన చూపించా: పాలిష్ కొర్ర తెల్లగా మెరుస్తుంది, తవుడున్న కొర్ర కొంచెం మసక పసుపు రంగులో ఉంటుంది.

రెండు, వండే తీరు. గింజ గింజలా వండితే ఒక తీరు, మెత్తటి పిండి చేసి జావ కాస్తే ఇంకో తీరు. పిండి ఎంత మెత్తగా ఉంటే అంత తొందరగా అరుగుతుంది, చక్కెర అంత తొందరగా పెరుగుతుంది. అందులో బెల్లం వేస్తే ఇంకా చెప్పక్కర్లేదు. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం జావ కన్నా జొన్న రొట్టె, కూర మేలు.

మూడు, ఎంత తిన్నారన్నది. "ఇది షుగర్ రైస్, ఎంతైనా తినొచ్చు" అని దుకాణాల్లో చెప్పడం విన్నా. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ఆర్‌ఎన్‌ఆర్ 15048, మనం తెలంగాణ సోన అంటాం, గ్లైసెమిక్ ఇండెక్స్ తక్కువున్న రకమే. పరీక్షలో తేలిన విషయం. కానీ తక్కువ ఇండెక్స్ అంటే చక్కెర నిదానంగా పెరుగుతుందని అర్థం, పెరగదని కాదు. పళ్లెం నిండా తింటే ఏ బియ్యమైనా బియ్యమే.

ఈ మూడూ చెప్పాక నాలుగో మాట కూడా చెప్పి తీరాలి: గోలీలు డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు. తిండి మార్చాక షుగర్ నిజంగానే తగ్గితే, డోసు తగ్గించేది కూడా డాక్టరే.

ప్రోటీన్ లెక్క

ఇప్పుడు అన్నిటికన్నా జోరుగా నడిచేది ప్రోటీన్. బిస్కెట్‌లో ప్రోటీన్, లస్సీలో ప్రోటీన్, ఐస్‌క్రీమ్‌లో కూడా. అశోక్‌నగర్ పిల్లలు నన్ను కూడా అడుగుతున్నారు, "అన్నా, ప్రోటీన్ పౌడర్ లాంటిది మీ దగ్గర ఏమైనా ఉందా?" అని.

ఐసీఎంఆర్ 2020 లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల పిల్లవాడికి 50 గ్రాములు. 100 గ్రాముల జొన్న పిండి రొట్టెల్లో 10, 50 గ్రాముల కందిపప్పులో 11. ఒక్క పూటలో 21 అయింది. పెరుగో గుడ్డో కలిస్తే సగం రోజు లెక్క అక్కడే అయిపోయింది. పైగా జొన్నలో తక్కువుండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువున్నది జొన్నలో ఉంటుంది. రొట్టె, పప్పు కలిపి తినే మన అలవాటు ఊరికే పుట్టలేదు.

ఐసీఎంఆర్, ఎన్‌ఐఎన్ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రోటీన్ సప్లిమెంట్లు వాడొద్దని చెప్పారు. కాబట్టి మనం పౌడర్ చెయ్యక్కర్లేదు. కందిపప్పు చాలు. 2022లో జీఐ గుర్తింపు వచ్చిన తాండూరు కంది మా జిల్లాదే, ఆ మాట చెబితే పిల్లలు ఇంకా ఇష్టంగా కొంటారు.

డబ్బా మీద మాట, డబ్బాలో సరుకు

మనం ఎందుకు ఇంత జాగ్రత్తగా మాట్లాడాలంటే, ఈ బజారులో మాటల మీద నమ్మకం ఒకసారి పోతే తిరిగి రాదు. ఈ మధ్య జరిగినవి మూడు చెబుతా.

2024 ఏప్రిల్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు ఒక ఆదేశం ఇచ్చింది. పాల పొడి, ధాన్యం, మాల్ట్‌తో చేసే డ్రింకులను 'హెల్త్ డ్రింక్' అనే పేరు కింద పెట్టొద్దని. ఎందుకంటే మన ఆహార చట్టంలో 'హెల్త్ డ్రింక్' అనే మాటకు నిర్వచనమే లేదు. ఇన్నేళ్లు తల్లులు కొన్నది చట్టంలో లేని పేరును.

రెండోది మన హైదరాబాద్ కథే. విరేచనాలైన పిల్లలకు ఇచ్చే ఓఆర్‌ఎస్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన గ్లూకోజ్ లీటరుకు 13.5 గ్రాములు మాత్రమే. కానీ ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు పేరులో పెట్టుకుని ఎన్నో రెట్లు చక్కెర ఉన్న డ్రింకులు మందుల షాపుల్లోనే అమ్మారు. అంత చక్కెర ఉంటే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు సుమారు ఎనిమిదేళ్లు దీని మీద కొట్లాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది. మూడు అక్షరాల కోసం ఎనిమిదేళ్లు.

మూడోది మన నాటు ఆవుల రైతులకు సంబంధించింది. 2024 ఆగస్టు 21న పాల ప్యాకెట్ల మీద ఏ1, ఏ2 అని రాయొద్దని ఆదేశం వచ్చింది, ఐదు రోజులకే వెనక్కి తీసుకున్నారు. ఆ ఐదు రోజుల్లో ఏ2 నెయ్యి అమ్మే మిత్రులు ఎంత హైరానా పడ్డారో నాకు తెలుసు. మన అమ్మకం ఒక్క మాట మీద నిలబడితే, ఆ మాట కదిలిన రోజు మనం కూడా కదులుతాం.

మనం ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు

ఇది అందరూ రాసిపెట్టుకోండి. 2018 నాటి ప్రకటనల నిబంధనల ప్రకారం గింజ, పిండి లాంటి వాటికి 100 గ్రాముల లెక్కన:

- పీచు 6 గ్రాములు దాటితే 'పీచు అధికం' అనొచ్చు. రాగి, జొన్న, సజ్జ మూడూ దాటుతాయి.
- కాల్షియం లాంటి ఖనిజాలు రోజువారీ అవసరంలో 30 శాతం ఉంటే 'అధికం' అనొచ్చు. రాగుల్లో 36 శాతం.
- ప్రోటీన్ రోజువారీ అవసరంలో 10 శాతం ఉంటే 'ప్రోటీన్ లభిస్తుంది' అనొచ్చు, 20 శాతం ఉంటే 'అధికం' అనొచ్చు. జొన్న మొదటిది దాటుతుంది, కందిపప్పు రెండోది దాటుతుంది.

చూశారా? ఏమీ కలపని మన గింజ చట్టం ఒప్పుకునే పెద్ద మాటకే సరిపోతుంది. ఇక అబద్ధం ఎందుకు?

ఇప్పుడు ఇదే లెక్క మార్కెట్ డబ్బాకు వేయండి. ఒక హెల్త్ మిక్స్‌లో రాగులు 30 శాతమే అనుకోండి, రాగుల నుంచి వచ్చే కాల్షియం 109 మిల్లీగ్రాములు. 'అధికం' కాదు కదా, 'లభిస్తుంది' అనడానికి కావాల్సిన 15 శాతం కూడా రాదు. మిగతాది పొడి కాల్షియం కలిపి నింపాల్సిందే. మిల్లెట్ బిస్కెట్ కొనేముందు వెనక్కి తిప్పి చూడమని మీ కస్టమర్లకు చెప్పండి. ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలన్నది రూల్. మొదట మైదా, తర్వాత చక్కెర, ఆ తర్వాత రాగి ఉంటే అది మైదా బిస్కెట్టే.

రాయకూడనివి:

- షుగర్ తగ్గుతుంది, క్యాన్సర్ నయమవుతుంది లాంటి మాటలు. ఆహార చట్టమే కాదు, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కూడా ఈ జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని నిషేధించింది.
- బెల్లం కలిపిన మాల్ట్ మీద 'చక్కెర కలపలేదు' అని. చట్టం దృష్టిలో బెల్లం, తేనె కూడా కలిపిన తీపే.
- సర్టిఫికెట్ లేకుండా జైవిక్ భారత్ లోగో. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మే చిన్న రైతు నేరుగా తినేవాళ్లకు అమ్ముకుంటే ఆర్గానిక్ సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఉంది, కానీ లోగో మాత్రం వాడకూడదు. దుకాణానికి ఇవ్వాలంటే పీజీఎస్ లేదా ఎన్‌పీఓపీ కావాలి.

ఇంకొకటి. మన పంట గింజలు గింజలుగా అమ్ముకుంటే ఆహార లైసెన్స్ అక్కర్లేదు, రైతుకు ఆ చట్టం వర్తించదు. పిండి, మాల్ట్, రవ్వ చేసి అమ్మితే మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

మనలో మనకు ఒక మాట. ప్రకృతి సేద్యంలో పండిస్తే కాల్షియం రెట్టింపు అవుతుందని కొందరు చెబుతున్నారు. పైన నేను ఇచ్చినవి దేశం మొత్తం సగటు అంకెలు. రకాన్ని బట్టి, నేలను బట్టి మారుతాయి. మన గింజలో ఎంతుందో ల్యాబులో పరీక్ష చేయిస్తేనే చెప్పగలం. పరీక్ష లేకుండా మనం ధైర్యంగా చెప్పగలిగేది ఒకటే: ఏం వేశాం, ఏం వెయ్యలేదు. అది చిన్న మాట కాదు.

మరి మనకు మిగిలేది ఎట్లా?

2025–26కు రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, అంటే కిలోకు 49. కొర్ర, సామ, అరికెలకు కేంద్రం మద్దతు ధరే లేదు. అదే రాగి మాల్ట్ డబ్బాలోకి పోతే కిలో వందల్లో అమ్ముతుంది. ఆ నడుమ జరిగే పనిలో కొంత మనం ఇంట్లోనే చేసుకోవచ్చు.

నేను చేసేది చెబుతా. తైదలు పొద్దున్నుంచి రాత్రి దాకా నానబెట్టి, గుడ్డలో కట్టి ఒకటిన్నర రోజు మొలకెత్తనిస్తాం. నీడలో ఆరబెట్టి, మొలక వేళ్లు రుద్ది తీసేసి, సన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పిండి పట్టిస్తాం. మొలకెత్తిస్తే ఇనుమును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది, ఒంటికి ఇనుము బాగా అందుతుంది. జావ కూడా పలచగా, పిల్లలకు తేలిగ్గా అరిగేలా వస్తుంది. ఇది అసలైన 'ఫంక్షన్', దీనికి ఫ్యాక్టరీ అక్కర్లేదు.

సజ్జ పిండి మాత్రం ముందే పట్టి పెట్టుకోకండి. అందులో నూనె ఎక్కువ, కొద్ది రోజులకే చేదెక్కుతుంది. ఆర్డర్ వచ్చాకే పట్టించండి. పెద్ద కంపెనీకి ఇది కష్టం, మనకు సులువు. తాజాదనమే మన బలం.

కొంచెం పెద్దగా చేయాలనుకునే వాళ్లు, రైతు సంఘాల వాళ్లు రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థకు వెళ్లి చూడండి. అక్కడి న్యూట్రిహబ్‌లో పొట్టు తీయడం నుంచి రవ్వ, అటుకుల దాకా యంత్రాలు చూడొచ్చు.

ఇప్పుడు నా సంచి మీద

ఇప్పుడు నా కొర్రల సంచి మీద ఇట్లా రాసి ఉంటుంది: "పరిగి దగ్గర మా పొలంలో పండించినవి. రసాయన ఎరువులు, పురుగుమందులు వాడలేదు. పాలిష్ చేయలేదు. ఆరు గంటలు నానబెట్టి వండుకోండి. మందులు వాడేవారు డాక్టర్ సలహాతోనే మార్పు చేసుకోండి." పంట కోసిన నెల కూడా రాస్తా.

ఈ చివరి వాక్యం చూసి కొందరు సంచి కింద పెట్టేసి పోతున్నారు, అబద్ధం చెప్పను. పక్క బండి అతను "షుగర్ పోతది" అంటే అటు పోతారు. మొదట్లో అమ్మకం తగ్గింది కూడా. కానీ ఉన్నవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ వస్తున్నారు.

ఆ పెద్దాయన కూడా వస్తున్నారు. కర్ర పట్టుకుని, మెల్లగా. కొర్రల దిక్కు చూడరు, జొన్నలు రెండు కిలోలు తీసుకుంటారు. పోయినసారి వచ్చినప్పుడు నేను అడగకముందే జేబులోంచి గోలీల పట్టీ తీసి చూపించి, "వేసుకుంటున్నా తమ్మీ" అన్నారు. జొన్నలు తూచి ఇచ్చా, పైన ఒక గుప్పెడు కొసరు వేశా. ఆయన ముఖంలోకి చూడటానికి నాకు ఇంకా ధైర్యం చాలదు.

కాబట్టి మిత్రులారా, సిటీకి తప్పకుండా రండి, గిరాకీ ఉంది. గింజ తెచ్చేటప్పుడు లెక్క కూడా తెచ్చుకోండి. మీ బండి దగ్గర కస్టమర్లు ఏం అడుగుతున్నారో, మీరేం చెబుతున్నారో రాయండి. మొలక కట్టడం, పాలిష్ తేడా గుర్తుపట్టడం వీడియోలో వివరంగా చూపించాను, ఇంట్లో ఆడవాళ్లకు కూడా చూపించండి. వచ్చే వీడియోలో పొట్టు తీసే చిన్న మిల్లు గురించి మాట్లాడుకుందాం.

ఉంటాను. జై కిసాన్.